డేటాబేస్ కాలమ్‌ల నుంచి వెబ్ ఫారాలు: కేటలాగ్ చెప్పేదెంత, మనిషి చెప్పాల్సిందెంత

ఒక ఊరి పాల సేకరణ కేంద్రం లెక్కల కోసం టేబుల్ ఒకటి ఉందనుకుందాం. దానికి తొమ్మిది కాలమ్‌లు: ఐడీ, మెంబర్ ఐడీ, తేదీ, పూట, లీటర్లు, ఫ్యాట్, ఎస్‌ఎన్‌ఎఫ్ (కొవ్వు కాని ఘనపదార్థాలు), సొమ్ము, నమోదైన సమయం. దీనికి మామూలుగా నాలుగు పేజీలు కావాలి: ఎంట్రీల జాబితా, ఒక్కో ఎంట్రీ వివరాలు, కొత్త ఎంట్రీ ఫారం, పాత ఎంట్రీని దిద్దే ఫారం. తొమ్మిది కాలమ్‌లూ నాలుగేసి చోట్ల అంటే 36 చోట్ల రాయాలి. ఇలాంటి టేబుళ్లు 30 ఉంటే లెక్క వెయ్యి దాటుతుంది. రేపు ఒక కాలమ్ పేరు మారితే ఆ వెయ్యిలో ఎక్కడో ఒకచోట మార్చడం మర్చిపోతారు. కాలమ్‌ల వివరాలన్నీ డేటాబేస్ దగ్గర ఎలాగూ ఉన్నాయి కాబట్టి, పేజీల టెంప్లేట్లను, అంటే విలువలు నింపాల్సిన అచ్చులను, అక్కడి నుంచే పుట్టించుకోవచ్చు. డేటాబేస్ తన టేబుళ్ల వివరాలు దాచుకునే చోటును కేటలాగ్ అని, దాన్ని చదివి టెంప్లేట్లు రాసే ప్రోగ్రాంను జనరేటర్ అని అందాం.

ఆలోచన పాతదే. 1992లో వచ్చిన మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌కు టేబుల్‌ను చూపిస్తే ఫారం గీసి ఇచ్చేది. 2004లో బయటికొచ్చిన వెబ్ ఫ్రేమ్‌వర్క్ రూబీ ఆన్ రెయిల్స్‌కు తొలి రోజుల్లో పేరు తెచ్చినవాటిలో, టేబుల్‌కు పేజీలు తయారుచేసిచ్చే స్కాఫోల్డ్ ఒకటి. అమెరికాలోని కాన్సస్‌లో ఒక దినపత్రిక వెబ్‌సైట్ పనుల్లోంచి పుట్టి 2005లో విడుదలైన జాంగో అనే మరో ఫ్రేమ్‌వర్క్‌కు అడ్మిన్ పేజీలే పెద్ద ఆకర్షణ. ఇన్నేళ్ల వాడకంలో తేలింది ఏమిటంటే, కాలమ్‌కు తన ఆకారం తెలుసు, అర్థం తెలియదు. లీటర్ల కాలమ్‌లో రెండు దశాంశ స్థానాలు ఉన్నాయని డేటాబేస్ చెప్పగలదు. పది అంకెల సంఖ్య ఒకటి ఫోన్ నంబరో, రూపాయల మొత్తమో చెప్పలేదు. తెలిసినంత వరకు నింపి, తెలియని చోట ఊహించకుండా ఆగి అడిగే జనరేటరే పనికొస్తుంది.

కాలమ్‌ల వివరాలు ఎక్కడ దొరుకుతాయి

డేటాబేస్‌లను అడిగే భాష ఎస్‌క్యూఎల్. దాని ప్రమాణంలో ఇన్ఫర్మేషన్ స్కీమా అనే భాగం ఉంది. పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్, ఎస్‌క్యూఎల్ సర్వర్ అనే డేటాబేస్‌లు దీన్ని పాటిస్తాయి. అందులో కాలమ్స్ అనే వ్యూను (టేబుల్‌లా చదవగల జాబితాను) టేబుల్ పేరుతో అడిగితే ఒక్కో కాలమ్‌కు ఒక్కో వరస వస్తుంది: పేరు, డేటా టైపు, ఖాళీ ఉండొచ్చా లేదా, డిఫాల్ట్ విలువ, అక్షరాల గరిష్ఠ పొడవు, సంఖ్య అయితే మొత్తం అంకెలు ఎన్ని, దశాంశ స్థానాలు ఎన్ని. ఒరాకిల్‌లో ఇదే పనికి ఆల్ ట్యాబ్ కాలమ్స్ అనే వ్యూ ఉంది. ఎస్‌క్యూఎల్‌లైట్‌లో ఇన్ఫర్మేషన్ స్కీమా లేదు, ప్రాగ్మా టేబుల్ ఇన్ఫో వాడాలి. అది జనరేటెడ్ కాలమ్‌లను, అంటే మిగతా కాలమ్‌ల నుంచి డేటాబేసే లెక్కగట్టేవాటిని, చూపించదు. అవి కూడా కావాలంటే టేబుల్ ఎక్స్‌ఇన్ఫో అడగాలి.

ఇక్కడ అందరూ పడే గొయ్యి ఒకటుంది. జనరేటర్‌కు చదివే హక్కు మాత్రమే ఉన్న యూజర్‌ను ఇవ్వడం మంచి అలవాటు. అయితే పోస్ట్‌గ్రెస్ ఇన్ఫర్మేషన్ స్కీమాలో టేబుల్ కన్‌స్ట్రెయింట్స్, రిఫరెన్షియల్ కన్‌స్ట్రెయింట్స్ అనే వ్యూలు (కన్‌స్ట్రెయింట్ అంటే టేబుల్ మీద పెట్టిన నియమం) ఆ టేబుల్ మీద సెలెక్ట్, అంటే చదివే హక్కు, కాక వేరే హక్కు కూడా ఉన్నవారికే వరసలు చూపిస్తాయి. కాలమ్‌లు అన్నీ కనిపిస్తాయి, ఫారిన్ కీలు (మరో టేబుల్‌లోని వరసను సూచించే లింకులు) మాత్రం కనిపించవు. ఎర్రర్ ఏదీ రాదు. ఫలితంగా మెంబర్ ఐడీ దగ్గర సభ్యుల పేర్ల జాబితా రావాల్సింది పోయి, అంకె టైపు చేసే పెట్టె వస్తుంది. డెవలపర్ కంప్యూటర్‌లో టేబుల్ యజమానిగా నడిపినప్పుడు సవ్యంగా ఉండి, సర్వర్ మీద ఇలా తయారవుతుంది కాబట్టి కారణం దొరకడానికి పూట పడుతుంది. ఫారిన్ కీల కోసం నేరుగా పీజీ కన్‌స్ట్రెయింట్ అనే కేటలాగ్ టేబుల్‌ను చదవడమే మందు. అది ఎవరికైనా కనిపిస్తుంది. ఇంకో లాభం కూడా ఉంది. పోస్ట్‌గ్రెస్‌లో రెండు టేబుళ్ల మీద ఒకే పేరుతో కన్‌స్ట్రెయింట్లు ఉండొచ్చు. ఇన్ఫర్మేషన్ స్కీమా వ్యూలను పేరుతో జాయిన్ చేస్తే, అంటే కలిపి చదివితే, ఒకదాని వరసలు మరొకదానికి అంటుకుంటాయి. కేటలాగ్‌లో ఐడీతో జాయిన్ చేస్తే ఆ ఇబ్బంది రాదు.

మైఎస్‌క్యూఎల్‌లో పని కొంచెం సులువు. కాలమ్స్ వ్యూలోనే కాలమ్ టైపు, కాలమ్ కీ, ఎక్స్‌ట్రా, కాలమ్ కామెంట్ అనే అదనపు వివరాలు దొరుకుతాయి. డేటా టైపు అనే గడిలో టైనీఇంట్ అని మాత్రమే ఉంటే, కాలమ్ టైపులో టైనీఇంట్ 1 అని ఉంటుంది. అవును, కాదు అనే కాలమ్‌ను గుర్తుపట్టే దారి అదే. 8.0.19 నుంచి మిగతా పూర్ణసంఖ్యల పక్కన ఆ వెడల్పు అంకె చూపించడం మానేశారు, టైనీఇంట్ 1ని మాత్రం ఉంచారు. 8.0 వెర్షన్‌లో మరో మార్పు వచ్చింది. ఈ వ్యూల ఫలితంలో గడుల పేర్లు పెద్ద ఇంగ్లిష్ అక్షరాల్లో వస్తాయి. చిన్న అక్షరాల పేరుతో విలువ తీసుకునే పాత జనరేటర్‌కు ఏమీ దొరకదు. క్వెరీలో ప్రతి గడికీ మారుపేరు ఇస్తే ఏ వెర్షన్‌లోనైనా ఒకేలా వస్తుంది.

డిఫాల్ట్ విలువను ఉన్నదున్నట్టు ఫారంలో పెట్టకూడదు. పోస్ట్‌గ్రెస్ ఇచ్చేది విలువ కాదు, ఎక్స్‌ప్రెషన్. కొటేషన్లు, టైపు మార్పిడి గుర్తులు, తర్వాతి నంబరు ఇచ్చే నెక్స్ట్‌వాల్ అన్న ఫంక్షన్ పేరు అన్నీ అందులో ఉంటాయి. మైఎస్‌క్యూఎల్ నుంచి చీలిన మరియాడీబీ 10.2.7 నుంచి అక్షరాల డిఫాల్ట్‌లను కొటేషన్లలో చూపిస్తుంది, మైఎస్‌క్యూఎల్ అలా చూపించదు. కొత్త ఎంట్రీ ఫారంలో ఆ గడిని ఖాళీగా వదిలేసి, సేవ్ చేసేటప్పుడు కొత్త వరస చేర్చే ఇన్సర్ట్ ఆదేశంలో ఆ కాలమ్‌ను చేర్చకపోతే డేటాబేసే డిఫాల్ట్‌ను నింపుకుంటుంది. అదే భద్రమైన దారి.

మధ్యలో రెండు ఫైళ్లు

కేటలాగ్ నుంచి నేరుగా హెచ్‌టీఎంఎల్ అచ్చువేయడం చాలామంది చేసే మొదటి పొరపాటు. మొదటి రోజు బాగుంటుంది. రెండో రోజు ఎవరో ఫారంలో తేదీని పైకి జరుపుతారు, మూడో రోజు జనరేటర్ మళ్లీ నడుస్తుంది, జరిపినది పోతుంది. అందుకే కేటలాగ్‌కూ టెంప్లేట్‌కూ మధ్య రెండు ఫైళ్లు ఉండాలి. మొదటిది వివరాల ఫైలు. డేటాబేస్ నుంచి చదివినదాన్ని జనరేటర్ ఇందులో రాస్తుంది, ప్రతిసారీ కొత్తగా రాస్తుంది, మనిషి దాన్ని ముట్టుకోడు. రెండోది సవరణల ఫైలు. ఏ కాలమ్ ఏ పేజీలో కనిపించాలి, ఏ వరసలో, ఏ పేరుతో, ఏ రకం పెట్టెతో అన్నవి మనిషి ఇందులో రాస్తాడు, జనరేటర్ దాన్ని ముట్టుకోదు. టెంప్లేట్ తయారయ్యేటప్పుడు రెండూ కలుస్తాయి. తేడా వస్తే సవరణల ఫైలు మాటే చెల్లుతుంది.

ఈ ఏర్పాటు నిలబడాలంటే రెండు నియమాలు గట్టిగా పాటించాలి. సవరణల ఫైలులో ఉన్న కాలమ్ డేటాబేస్‌లో లేకపోతే జనరేటర్ ఎర్రర్ ఇచ్చి ఆగిపోవాలి. చూసీచూడనట్టు పోతే, పేరు మారిన కాలమ్‌కు పెట్టిన సవరణలన్నీ చప్పుడు లేకుండా రాలిపోతాయి. డేటాబేస్‌లో కొత్తగా కాలమ్ వస్తే, సవరణల ఫైలులో దాని సంగతి తేల్చేదాకా ఫారంలోకి రాకూడదు. దీనికి కారణం భద్రత. జాంగోలో టేబుల్ మోడల్ నుంచి ఫారం తయారుచేసే మోడల్‌ఫారంకు ఏ ఫీల్డులు కావాలో చెప్పకపోతే అన్నీ తీసుకునే అలవాటు ఒకప్పుడు ఉండేది. 1.6లో దాన్ని వద్దని హెచ్చరించి, 1.8 నుంచి ఫీల్డులను చెప్పి తీరాలని ఎర్రర్‌గా మార్చారు. రెయిల్స్‌లో ఇదే బలహీనత 2012 మార్చిలో గిట్‌హబ్ మీదే రుజువైంది. ఫారంలో లేని గడిని ఒక పరిశోధకుడు తానే జోడించి పంపి, తనకు హక్కు లేని ప్రాజెక్టులోకి మార్పు చేర్చగలిగాడు. ఆ తర్వాత రెయిల్స్ 4లో అనుమతించిన ఫీల్డుల పేర్లు రాయడం తప్పనిసరి పద్ధతి అయ్యింది. యూజర్ల టేబుల్‌లో ఈజ్ అడ్మిన్ అనే కాలమ్ చేర్చిన రోజే అది ఫారంలో చెక్‌బాక్స్‌గా ప్రత్యక్షమైతే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. టెంప్లేట్‌లో దాచినంత మాత్రాన చాలదని గుర్తుంచుకోవాలి. ఫారం అందుకునే సర్వర్ కోడ్ కూడా అదే జాబితాతో సరిచూడాలి. రెండూ ఒకే సవరణల ఫైలు నుంచి పుడితే ఒకదానికొకటి తప్పిపోవు.

ఫారంలో గడుల వరసను డేటాబేస్ వరసకు వదిలేయకూడదు. పోస్ట్‌గ్రెస్‌లో కొత్త కాలమ్ ఎప్పుడూ చివరికే చేరుతుంది. అంటే ఆ వరస టేబుల్ పెరిగిన చరిత్రను చెబుతుంది, కేంద్రంలో పని జరిగే క్రమాన్ని కాదు. పాలు పోసే చోట మొదట సభ్యుడి నంబరు, తర్వాత లీటర్లు, ఆ తర్వాత ఫ్యాట్ వస్తాయి. ట్యాబ్ కీ కూడా ఆ క్రమంలోనే నడవాలి.

సంఖ్యలు

అన్నిటికంటే ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. లీటర్ల కాలమ్ న్యూమరిక్ 6, 2 అనుకుందాం. మొత్తం ఆరు అంకెలు, అందులో రెండు దశాంశం తర్వాత, గరిష్ఠం 9999.99. జనరేటర్ దీనికి నంబర్ రకం ఇన్‌పుట్ పెట్టి ఊరుకుంటే, కేంద్రంలో 7.5 అని కొట్టినప్పుడు బ్రౌజర్ ఒప్పుకోదు. హెచ్‌టీఎంఎల్‌లో స్టెప్ చెప్పకపోతే అది 1 అని అర్థం, పూర్ణసంఖ్యలే చెల్లుతాయి. దిద్దే ఫారంలో ఇది మరీ వింతగా ఉంటుంది. కనిష్ఠ విలువ చెప్పనప్పుడు లెక్క ముందే ఉన్న విలువ నుంచి మొదలవుతుంది కాబట్టి, 7.5 ఉన్న గడిలో 8.5 చెల్లుతుంది, 8 చెల్లదు. దశాంశ స్థానాల సంఖ్యను కేటలాగ్ నుంచి తీసుకుని స్టెప్ తయారు చేయాలి: రెండు స్థానాలకు 0.01, ఒక స్థానానికి 0.1. కనిష్ఠం 0 అని కూడా రాయాలి. ఫ్లోట్ కాలమ్‌లకు దశాంశ స్థానాల లెక్క ఉండదు, అక్కడ స్టెప్ ఎనీ అని పెట్టాలి.

ఫ్యాట్ న్యూమరిక్ 3, 1 అయితే ఆకారం ప్రకారం 99.9 దాకా చెల్లుతుంది. గేదె పాలలో ఫ్యాట్ మామూలుగా 6 నుంచి 8 శాతం. 6.5 బదులు 65 పడితే ఆ పూట సొమ్ము తలకిందులవుతుంది. ఇలాంటి హద్దు చెక్ కన్‌స్ట్రెయింట్‌లో, అంటే విలువను సరిచూసే నియమంలో, ఉండాలి. 15కు మించి ఒప్పుకోకుండా టేబుల్‌లోనే రాసి, ఆ హద్దునే ఫారానికీ ఇవ్వాలి. చెక్‌లో ఏ ఎక్స్‌ప్రెషన్ అయినా రాయొచ్చు కాబట్టి అన్నిటినీ చదివి అర్థం చేసుకునే కోడ్ రాయడానికి కూర్చోవద్దు. ఒకే కాలమ్, ఒక కనిష్ఠం, ఒక గరిష్ఠం ఉన్నవాటిని మాత్రం పట్టుకుని, మిగతావి సవరణల ఫైలుకు వదిలేస్తే చాలు. మైఎస్‌క్యూఎల్ 8.0.16కు ముందు చెక్ రాస్తే చదివి వదిలేసేది, అమలు చేసేది కాదు. పాత సర్వర్ల మీద హద్దు ఉందనుకుని నమ్మితే మోసపోతారు.

ఫోన్ నంబరు సంగతి వేరు. మన మొబైల్ నంబర్లు పది అంకెలు, 6 నుంచి 9 మధ్య అంకెతో మొదలవుతాయి. ఇంట్ కాలమ్ గరిష్ఠం 2147483647. అంటే ఏ మొబైల్ నంబరూ అందులో పట్టదు. మైఎస్‌క్యూఎల్‌లో స్ట్రిక్ట్ మోడ్ లేకపోతే ఎర్రర్ కూడా రాదు, గరిష్ఠ విలువను రాసుకుని ఊరుకుంటుంది. అందరి ఫోన్ నంబరూ 2147483647గా కనిపించే టేబుళ్లు అలా తయారైనవే. 5.7 నుంచి స్ట్రిక్ట్ మోడ్ డిఫాల్ట్. కూడికలు, తీసివేతలు చేయని అంకెలన్నీ అక్షరాల కాలమ్‌లో ఉండాలి: ఫోన్, పిన్ కోడ్, ఆధార్, బ్యాంకు ఖాతా. బ్యాంకు ఖాతా ముందున్న సున్నాలు సంఖ్య కాలమ్‌లో రాలిపోతాయి. ఫారంలో వీటికి మామూలు టెక్స్ట్ పెట్టె ఇచ్చి ఇన్‌పుట్‌మోడ్ న్యూమరిక్ అంటే ఫోన్‌లో అంకెల కీబోర్డే తెరుచుకుంటుంది, మౌస్ చక్రం తిప్పితే విలువ మారిపోయే బెడదా ఉండదు. జాబితా పేజీలో సొమ్ముకు లక్షల పద్ధతిలో కామాలు పడాలి, 1,25,000 అని. ఐడీకి, ఖాతా నంబరుకు పడకూడదు. టైపు చూసి ఈ తేడా తెలుసుకోవడం కుదరదు, సవరణల ఫైలులో రాయాల్సిందే.

సొమ్ము కాలమ్‌ను రేటు చార్టు చూసి సర్వర్ లెక్కగడుతుంది, ఫారంలో ఉండకూడదు. అదే జనరేటెడ్ కాలమ్ అయితే కేటలాగే చెబుతుంది. పోస్ట్‌గ్రెస్‌లో ఈజ్ జనరేటెడ్ గడిలో ఆల్వేస్ అని, మైఎస్‌క్యూఎల్‌లో ఎక్స్‌ట్రా గడిలో స్టోర్డ్ జనరేటెడ్ లేదా వర్చువల్ జనరేటెడ్ అని ఉంటుంది. వాటిని ఇన్సర్ట్‌లో చేరిస్తే ఎర్రర్ వస్తుంది.

తెలుగు అక్షరాల పొడవు

వార్‌చార్ 100 అని ఉంటే ఫారంలో మ్యాక్స్‌లెంత్ 100 అని పెట్టడం సహజం. ఇంగ్లిష్ పేర్లతో పరీక్షించినంత కాలం ఏ లోటూ కనబడదు. శ్రీనివాస్ అనే పేరు కంటికి నాలుగు అక్షరాలు: శ్రీ, ని, వా, స్. యూనికోడ్‌లో అది పది సంకేతాలు, ఎందుకంటే గుణింతాలు, పొల్లులు విడిగా లెక్కకొస్తాయి. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు, మొత్తం 30 బైట్లు. ఏ డేటాబేస్ దేన్ని లెక్కపెడుతుందో తెలియాలి. పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్ సంకేతాలను లెక్కిస్తాయి, బ్రౌజర్ మ్యాక్స్‌లెంత్ కూడా తెలుగు విషయంలో అదే లెక్క ఇస్తుంది. ఒరాకిల్‌లో వార్‌చార్2 డిఫాల్ట్‌గా బైట్ల లెక్క. అక్కడ 100 అంటే తెలుగులో 33 సంకేతాలే, అంటే ఒక మోస్తరు చిరునామా కూడా పట్టదు. టేబుల్ రాసేటప్పుడే క్యార్ అని చెప్పాలి. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో వార్‌చార్‌లో తెలుగు వేస్తే ప్రశ్నార్థకాలు మిగులుతాయి. ఎన్‌వార్‌చార్ కావాలి, లేదా 2019 వెర్షన్‌లో వచ్చిన యూటీఎఫ్-8 కొలేషన్ (అక్షరాలను దాచే, పోల్చే పద్ధతి) కావాలి. జనరేటర్ నడిచేటప్పుడే కాలమ్ ఈ రకమైతే హెచ్చరిక ఇచ్చేలా రాయడం పది నిమిషాల పని. ఆ హెచ్చరిక లేక పోయిన తెలుగు అక్షరాలు ప్రశ్నార్థకాల్లోంచి తిరిగి రావు.

పొడవు 255 దాటినా, టెక్స్ట్ టైపు అయినా పెద్ద పెట్టె, అంటే టెక్స్ట్‌ఏరియా ఇస్తే సరిపోతుంది. దాంట్లో ఎంటర్ కొట్టిన ప్రతిచోటా బ్రౌజర్ మ్యాక్స్‌లెంత్ కోసం ఒక అక్షరంగా లెక్కేసి, సర్వర్‌కు మాత్రం రెండు అక్షరాలు పంపుతుంది. నిండుగా రాసిన పెట్టె డేటాబేస్ దగ్గర పట్టకపోవడానికి కారణం ఇదే. సేవ్ చేసే ముందు సర్వర్ ఆ రెంటినీ ఒకటి చేయాలి.

ఖాళీ, శూన్యం, అవును, కాదు

నల్ అంటే విలువే లేకపోవడం. నాట్ నల్ అయిన కాలమ్‌కు ఫారంలో రిక్వైర్డ్ (నింపి తీరాలి అన్న గుర్తు) పెట్టాలనే సూత్రం సగమే నిజం. డిఫాల్ట్ ఉన్న కాలమ్‌ను మనిషి నింపనక్కరలేదు. నల్ ఒప్పుకునే కాలమ్‌ల దగ్గర అసలు చిక్కు ఉంది. ఫారంలో ఖాళీగా వదిలిన పెట్టె ఖాళీ అక్షరాల వరసగా వస్తుంది, నల్‌గా రాదు. ఈమెయిల్ కాలమ్‌కు యూనిక్, అంటే ఒకే విలువ రెండుసార్లు రాకూడదన్న నియమం, ఉందనుకుందాం. ఈమెయిల్ లేని మొదటి సభ్యుడు చేరతాడు, రెండో సభ్యుడికి ఇప్పటికే ఉన్న ఈమెయిల్ అని ఎర్రర్ వస్తుంది, ఎందుకంటే రెండు ఖాళీ వరసలు ఒకటే. నల్‌గా మార్చి రాస్తే పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్ ఎన్నిటినైనా ఒప్పుకుంటాయి. ఎస్‌క్యూఎల్ సర్వర్ మామూలు యూనిక్ ఇండెక్స్‌లో ఒక్క నల్‌నే ఒప్పుకుంటుంది. ఒరాకిల్ ఖాళీ వరసనే నల్ అనుకుంటుంది. నల్ ఒప్పుకునే ప్రతి కాలమ్‌కూ ఖాళీని నల్‌గా మార్చే వరస ఒకటి సర్వర్ కోడ్‌లో జనరేటరే రాయాలి.

చెక్‌బాక్స్‌లో టిక్కు తీసేస్తే బ్రౌజర్ అసలేమీ పంపదు. సర్వర్ కోడ్ రాని గడిని మార్చకుండా వదిలేస్తే, ఒకసారి అవును అన్నది ఇక ఎప్పటికీ కాదు అవ్వదు. అందుకే అదే పేరుతో సున్నా విలువ ఉన్న దాచిన గడి ఒకటి చెక్‌బాక్స్‌కు ముందు పెడతారు. రెయిల్స్ చేసేదదే. కాలమ్ నల్‌ను కూడా ఒప్పుకుంటే దానికి మూడు స్థితులు: అవును, కాదు, తెలియదు. చెక్‌బాక్స్‌కు రెండే. అక్కడ మూడు ఎంపికల జాబితానే పెట్టాలి.

తేదీలకు డేట్ రకం ఇన్‌పుట్ చాలు. విలువ మాత్రం సంవత్సరం, నెల, రోజు వరసలోనే ఇవ్వాలి, లేకపోతే పెట్టె ఖాళీగా కనిపిస్తుంది, సేవ్ కొడితే ఉన్న తేదీ పోతుంది. పాలు పోసిన తేదీని టైమ్‌స్టాంప్ కాలమ్‌లో పెట్టడం మరో తప్పు. మన 2024 జూన్ 1 అర్ధరాత్రి, ప్రపంచ ప్రామాణిక సమయం యూటీసీలో మే 31 సాయంత్రం 6.30. నెలవారీ బిల్లులో మొదటి రోజు పాలు వెనక నెలలో కలుస్తాయి. తేదీ తేదీగానే ఉండాలి. సమయం కావాల్సింది నమోదైన సమయానికి, దాన్ని ఫారంలో చూపించనే కూడదు.

ఎంపికల జాబితాలు

పూట కాలమ్‌లో ఉదయం, సాయంత్రం అన్న రెండే విలువలు, ఎప్పటికీ మారవు. ముందే ఖాయం చేసిన విలువలనే ఒప్పుకునే ఈనమ్ టైపుకు ఇది తగిన చోటు. మైఎస్‌క్యూఎల్‌లో విలువలు కాలమ్ టైపు గడిలో కామాలతో ఉంటాయి. కామా దగ్గర విరగ్గొడితే విలువలోనే కామా ఉన్న రోజు తప్పుతుంది, కొటేషన్లను చూస్తూ చదవాలి. పోస్ట్‌గ్రెస్‌లో పీజీ ఈనమ్ టేబుల్ నుంచి, ఈనమ్ సార్ట్ ఆర్డర్ వరసలో తీసుకోవాలి.

జిల్లాలకు మాత్రం ఈనమ్ పనికిరాదు. తెలంగాణలో 10 జిల్లాలు 2016 అక్టోబరులో 31 అయ్యాయి, 2019లో 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 2022 ఏప్రిల్‌లో 26 అయ్యాయి. జిల్లాల పేర్లను ఈనమ్‌లో, దాన్నుంచి పుట్టిన టెంప్లేట్‌లో అచ్చుగుద్దినట్టు పెట్టుకున్న సాఫ్ట్‌వేర్‌కు ప్రతిసారీ టేబుల్ మార్పు, టెంప్లేట్ల మార్పు, మళ్లీ విడుదల తప్పవు. జిల్లాలు వేరే టేబుల్‌లో ఉండి ఫారిన్ కీ ఉంటే కొన్ని వరసలు చేర్చడంతో పని ముగుస్తుంది. పాత ఎంట్రీలు పాత జిల్లా పేరుతో నిలవాలి కాబట్టి, ఆ టేబుల్‌లో ఇప్పుడు అమల్లో ఉందా అన్న కాలమ్ ఒకటి ఉంచి కొత్త ఫారాల్లో అమల్లో ఉన్నవే చూపించాలి. దిద్దే ఫారంలో ఆ ఎంట్రీకి ఉన్న పాత జిల్లాను కూడా కలపాలి. కలపకపోతే జాబితాలో మొదటి జిల్లా దానంతట అదే ఎంపికై సేవ్ అయిపోతుంది.

ఫారిన్ కీ ఉన్నచోట ఏ పేరు చూపించాలన్నది కేటలాగ్‌కు తెలియదు. సభ్యుల టేబుల్‌లో పేరు, తండ్రి పేరు, ఊరు అన్నీ అక్షరాల కాలమ్‌లే. ఒకే పేరున్న సభ్యులు ఒక ఊళ్లో నలుగురు ఉంటారు, వాళ్లలో ఎవరి పాలో తేలాలంటే సభ్యత్వ నంబరు, పేరు, తండ్రి పేరు మూడూ పక్కపక్కన కనిపించాలి. ఇది సవరణల ఫైలులో చెప్పాల్సిన మాట. చెప్పనంత వరకు జనరేటర్ మొదటి అక్షరాల కాలమ్‌ను వాడి, నిర్ణయం జరగలేదని గుర్తు పెట్టాలి. సభ్యులు 200 దాటితే డ్రాప్‌డౌన్ మాని వెతికే పెట్టె ఇవ్వడం మేలు. ఒకే టేబుల్‌ను రెండు కాలమ్‌లు సూచిస్తే, ఉదాహరణకు రాసినవారు, ఆమోదించినవారు ఇద్దరూ యూజర్ల టేబుల్ నుంచే వస్తే, సూచించిన టేబుల్ పేరుతో వేరియబుల్ పెట్టే జనరేటర్‌లో ఒకటి మరొకదాన్ని చెరిపేస్తుంది. పేరు ఎప్పుడూ కాలమ్ నుంచే రావాలి. జాబితా పేజీకి కూడా ఒక్కో వరసకు ఒక్కో క్వెరీ వేయకుండా మొదటే జాయిన్ చేసి తెచ్చుకోవాలి, లేదంటే 50 వరసల పేజీకి 51 క్వెరీలు నడుస్తాయి.

తెలుగు లేబుళ్లు

కాలమ్ పేరులోని అండర్‌స్కోర్లు తీసేసి మొదటి అక్షరం పెద్దది చేస్తే ఇంగ్లిష్ లేబుల్ వస్తుంది. తెలుగుకు ఆ దారి లేదు. కాలమ్ కామెంట్‌లో తెలుగు పేరు రాసుకోవచ్చు: మైఎస్‌క్యూఎల్‌లో 1024 అక్షరాల దాకా, పోస్ట్‌గ్రెస్‌లో కామెంట్ ఆన్ కాలమ్‌తో. ఒక్క భాషే చాలినంత వరకు ఇది చక్కని పద్ధతి, టేబుల్‌ను చదివే డెవలపర్‌కూ అర్థం తెలుస్తుంది. రెండు భాషలు కావాలంటే లేబుళ్లు అనువాదాల ఫైలులోకి వెళ్లాలి.

కామెంట్‌ను టెంప్లేట్‌లోకి తెచ్చేటప్పుడు ఒక ప్రమాదం దాగి ఉంటుంది. జనరేటర్ రాసేది హెచ్‌టీఎంఎల్ కాదు, హెచ్‌టీఎంఎల్ రాసే టెంప్లేట్. అందులో జంట కర్లీ బ్రాకెట్లకు ప్రత్యేక అర్థం ఉంది. కామెంట్‌లో ఎవరో ఆ బ్రాకెట్లు రాస్తే అవి సర్వర్ మీద కోడ్‌గా నడుస్తాయి. అందుకే హెచ్‌టీఎంఎల్ గుర్తులతో పాటు టెంప్లేట్ గుర్తులను కూడా నిర్వీర్యం చేయాలి. జనరేటర్ కూడా అదే టెంప్లేట్ భాష వాడుతుంటే, దాని గుర్తులను మార్చుకోవడం ఉత్తమం. జింజా అనే టెంప్లేట్ భాషలో ఈ గుర్తులను సెట్టింగుల్లోనే మార్చొచ్చు. జనరేటర్‌కు చదరపు బ్రాకెట్లు పెట్టుకుంటే కర్లీ బ్రాకెట్లు ఉన్నదున్నట్టు ఫలితంలోకి దిగుతాయి, కోడ్ చదవడానికీ తేలిక. టేబుల్ పేరును క్వెరీలో పారామీటర్‌గా పంపలేం కాబట్టి, ముందు కేటలాగ్‌లో ఆ పేరు ఉందో లేదో చూసి, ఆ తర్వాతే కొటేషన్లలో పెట్టి వాడాలి.

ఫైళ్లుగా పుట్టించడమా, అప్పటికప్పుడు గీయడమా

పేజీ అడిగిన ప్రతిసారీ కేటలాగ్ చూసి ఫారం గీసే పద్ధతి రెయిల్స్ తొలి వెర్షన్లలో ఉండేది. 2007 డిసెంబరులో వచ్చిన 2.0లో దాన్ని తీసేసి, ఫైళ్లుగా రాసిచ్చే జనరేటర్‌ను మాత్రం ఉంచారు. పని చేసే కోడ్ కళ్ల ముందు లేకపోతే దాన్ని సవరించే మార్గమూ ఉండదు. ఆఫీసు లోపల పదిమంది వాడే నిర్వహణ పేజీలకు అప్పటికప్పుడు గీసే పద్ధతే హాయి, జాంగో అడ్మిన్ ఇప్పటికీ అలాగే నిలబడింది. ఊళ్లో కేంద్రాల దగ్గర రోజూ రెండు పూటలా వందలమంది వాడే ఫారానికి ఫైళ్లే మంచివి.

పాత డేటాబేస్ ఉన్నప్పుడు జాంగోలోని ఇన్‌స్పెక్ట్‌డీబీ ఆదేశం టేబుళ్లను చదివి మోడళ్లు రాసిస్తుంది. తనకు తెలియని టైపు దగ్గర టెక్స్ట్ ఫీల్డు పెట్టి, ఇది ఊహ మాత్రమే అని పక్కనే వ్యాఖ్య రాస్తుంది. ఏ జనరేటర్‌కైనా ఈ మర్యాద ఉండాలి.

పుట్టించిన ఫైళ్లు, ఫైళ్ల మార్పుల చరిత్ర దాచే గిట్‌లో ఉండాలి, అయితే వాటిలో తయారైన తేదీ, సమయం రాయకూడదు. రాస్తే ఏమీ మారని రోజు కూడా ముప్పై ఫైళ్లు మారినట్టు కనిపించి, నిజంగా మారిన ఒక్కటి అందులో మునిగిపోతుంది. చేతి మార్పులు పుట్టిన ఫైలులో కాకుండా, దాన్ని ఆధారంగా తీసుకుని కొన్ని బ్లాకులను మాత్రం తిరగరాసే రెండో టెంప్లేట్‌లో ఉండాలి.

పరీక్షల్లో ఒకదాన్ని మాత్రం వదలకూడదు. ప్రతి టేబుల్‌లోంచి ఒక వరస తీసుకుని, దిద్దే ఫారం తెరిచి, ఏదీ మార్చకుండా సేవ్ కొట్టాలి. ముందు వరసను, తర్వాత వరసను కాలమ్ కాలమ్‌గా పోల్చాలి. నల్ ఖాళీ వరసగా మారిందా, నిమిషాల దాకానే అచ్చువేసిన చోట సెకన్లు సున్నా అయ్యాయా, బ్యాంకు ఖాతా ముందు సున్నాలు పోయాయా, టెక్స్ట్‌ఏరియాలో కొత్త వరస గుర్తులు రెట్టింపయ్యాయా, పెట్టె మొదట్లో ఉన్న ఖాళీ గీత ఎగిరిపోయిందా అన్నవి ఇక్కడే దొరుకుతాయి. చివరిది బ్రౌజర్ నియమం. టెక్స్ట్‌ఏరియా తెరిచిన వెంటనే వచ్చే మొదటి కొత్త వరస గుర్తును అది వదిలేస్తుంది కాబట్టి, టెంప్లేట్ విలువకు ముందు ఎప్పుడూ ఒకటి అదనంగా వేయాలి. పరీక్షకు వాడే వరసలో పేర్లు తెలుగులో ఉండాలి, పొడవు కాలమ్ అంచు దాకా నిండి ఉండాలి, నల్ ఒప్పుకునే ప్రతి గడినీ ఒకసారి నల్‌తో, ఒకసారి విలువతో నడపాలి.